వదిన అకౌంటు

యూనివర్సిటీ కంప్యూటర్ సెంటరులో కౌంటరు వెనకాల కూర్చునే ఆమెను అందరూ తాళం మేడమ్ అంటారు. పాస్‌వర్డు మర్చిపోయినా, అకౌంటు మూసుకుపోయినా ఆమే దిక్కు. ఎదురుగా ఉంటే తాళం మేడమ్, వీపు తిప్పితే తుప్పు తాళం. ఆ రెండో పేరు ఆమె చెవిన పడకపోలేదు. పడనట్టు ఉండడం ఉద్యోగంలో చేరిన కొత్తల్లోనే నేర్చేసుకుంది.

ఆ వారం మాత్రం ఆమె ఎవరు పలకరించినా ఒంటికాలి మీద లేస్తోంది. దానికి కారణం కొత్త రూలు. ఇన్నాళ్ళూ లాగిన్ అవుతుంటే ఫోనుకి మెసేజీలో కోడ్ వచ్చేది. ఇకమీదట మెసేజీలు బంద్. ఎవరి ఫోనులో వాళ్ళు యూనివర్సిటీ యాప్ పెట్టుకోవాలి. లోపలికి వెళ్ళబోయే ప్రతిసారీ అది 'ఇది మీరేనా?' అని అడుగుతుంది, 'నేనే' అని నొక్కాలి. యాప్ పెట్టుకోవడానికి మాత్రం ఆఖరిసారిగా పాత నెంబరుకే ఒక కోడ్ వస్తుంది. వినడానికి ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. కానీ ఆ పాత నెంబర్లు ఎవరివి? చరిత్ర ప్రొఫెసరుగారు అప్పట్లో అల్లుడి నెంబరు ఇచ్చారు, ఇప్పుడు ఆ అల్లుడికీ ఆయనకీ మాటల్లేవు. లైబ్రరీ ఆవిడ ఇంటి కింద మందుల షాపు నెంబరు ఇచ్చింది. ఒక లెక్చరరైతే తన సొంత నెంబరే ఇచ్చాడుగానీ అది ఏదో తనకు గుర్తులేదు. ఇంత చదువుకున్నవాళ్ళు తాళంచెవి పక్కింట్లో పడేసి ఏళ్ళ తరబడి హాయిగా నిద్రపోయారన్నమాట. వీళ్ళందరినీ వరసలో నిలబెట్టి, గుర్తింపు కార్డులు చూసి, చేతిమీదుగా అకౌంట్లు తెరవడం తాళం మేడమ్ పని. వారం తిరిగేసరికి ఆమె తల ప్రాణం తోకకొచ్చింది.

ఆ మధ్యాహ్నం ఆమె తల ఎత్తి "తర్వాత ఎవరు?" అనేసరికి అద్దానికి అటువైపు మహాతల్లి నిలబడి ఉంది.

మహాతల్లి అంటే ఆమె వదిన. విడాకులు అయ్యాక 'వదిన' అనడానికి నోరు రాదు, పేరుతో పిలిస్తే పాత చనువు గుర్తొచ్చి ఒళ్ళు మండుతుంది. అందుకని మనసులో ఆ పేరు పెట్టుకుంది. ఇద్దరిదీ ఒకే యూనివర్సిటీ, ఈమెది ఉద్యోగం, ఆవిడది పరిశోధన. ఒకరు ఎదురొస్తే ఇంకొకరు మెట్ల దారి పట్టి ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చారు.

అసలు ఈ వదినను తెచ్చుకున్నదే తాళం మేడమ్. హాస్టల్లో ఒకే గది, ఒకే దువ్వెన, కబుర్లు మొదలెడితే వార్డెను వచ్చి తలుపు బాదాల్సిందే. 'మా అన్నయ్యను చేసుకోవే, జన్మంతా కలిసుందాం' అని వెంటపడి మరీ ఒప్పించింది. కొన్నాళ్ళు అలాగే గడిచింది. ఆ తర్వాత అన్నయ్యకూ ఆవిడకూ పచ్చగడ్డి వేస్తే భగ్గుమనే పరిస్థితి వచ్చింది. ఒకరోజు ఆవిడ పాపను చంకనేసుకుని వెళ్ళిపోయింది. కోర్టులో తాళం మేడమ్ అన్నయ్య పక్షానే నిలబడింది. బయటికి వస్తూ వరండాలో పదిమందీ వినేట్టు "ఈవిడ మాకెవరూ కాదు" అని అరిచింది కూడా. ఆ అరుపు అప్పుడు ఎంతో హాయిగా అనిపించింది.

ఇప్పుడు అదే గొంతుకు అడ్డం పడింది. పాపను చూడనివ్వమని తాళం మేడమ్, వాళ్ళమ్మ కోర్టులో అర్జీ పెట్టుకున్నారు. సోమవారం వాయిదా. మహాతల్లి లాయరు ఒకటే పాట పాడుతున్నాడు: నాయనమ్మ సంగతి చూద్దాం, మేనత్తకు ఏం హక్కు, విడాకులతో ఆ చుట్టరికం తెగిపోయింది, ఆమె ఈ పిల్లకు ఎవరూ కాదు అని. తాళం మేడమ్‌కు వేరే పిల్లల్లేరు, పెళ్ళి చేసుకోలేదు. పాప చెప్పులు కుడిది ఎడమకు, ఎడమది కుడికి వేసుకుని, "అత్తా, కరెక్టేనా?" అని కాళ్ళు చాపి చూపించేది. "కరెక్టే" అని చెప్పి, ఇంకో వైపు చూడమని మాటల్లో పెట్టి మార్చేది ఈమె. ఆ పిల్ల కోసం కడుపు తరుక్కుపోతుంది. అది ఎవరికీ చెప్పదు. చెప్పకుండా ఉన్నదంతా కోపమై కూర్చుంది.

"ఏం కావాలండీ?" అంది తాళం మేడమ్. ఆ 'అండీ' రాయి విసిరినట్టుంది.

"అకౌంటు తెరవాలండీ," అంది మహాతల్లి. అక్కడా రాయే.

"పాత నెంబరుకి కోడ్ వస్తుంది. దాంతో మీరే తెరుచుకోవచ్చు. కాగితంలో రాశాం. చదువుకున్నవాళ్ళు కదా, చదవలేదా?"

"చదివాను. పాత నెంబరు నా దగ్గర లేదు."

"మరి ఎవరి దగ్గరుంది?"

అడిగిందేగానీ, తాళం మేడమ్‌కు స్క్రీను మీద కనబడుతూనే ఉంది. ఆ నెంబరు నిద్రలో లేపి అడిగినా చెప్పగలదు. అది అన్నయ్యది. పెళ్ళయిన కొత్తల్లో ఆవిడ బ్యాంకు, మెయిలు, యూనివర్సిటీ అకౌంటు అన్నీ అన్నయ్యే తన నెంబరు మీద పెట్టించాడు. 'దానికి ఈ తలనొప్పులు ఎందుకు' అన్నాడు. అప్పుడు తాళం మేడమ్ అన్నయ్యది ఎంత మంచి మనసో అనుకుంది. మిగతావన్నీ ఆవిడ మార్చుకుందిగానీ ఇది మార్చాలంటే అదే నెంబరుకి వచ్చే కోడ్ కావాలి. డిపార్టుమెంటులో తన కంప్యూటరు ఆవిడను గుర్తుపెట్టుకుంది కాబట్టి కోడ్ అడగకుండా ఇన్నాళ్ళూ గడిచిపోయింది. కొత్త రూలుతో ఆ గుర్తులన్నీ చెరిపేశారు.

"చేతిమీదుగా తెరవండి. కార్డు తెచ్చాను," అంది మహాతల్లి. "సాయంత్రంలోగా థీసిస్ పంపాలి. మొత్తం ఆ అకౌంటులోనే ఉంది. ఇవాళ దాటితే నా రిజిస్ట్రేషన్ రద్దవుతుంది."

"అయ్యో పాపం," అంది తాళం మేడమ్. ఆ రెండు మాటల్లోనూ జాలి వీసమెత్తు లేదు. "నెంబరు పనిచేస్తుంటే ముందు దానికే పంపాలి. రూలు."

"వద్దు. దానికి పంపొద్దు."

"రూలండీ."

"చెప్తున్నాను, పంపొద్దు."

తాళం మేడమ్ నొక్కేసింది. నిజానికి రూలు అంత గట్టిదేమీ కాదు. చరిత్ర ప్రొఫెసరుగారి అల్లుడికి ఆమె ఏ కోడూ పంపలేదు. కానీ ఈ ఆవిడ ఒక్కసారి, ఒకే ఒక్కసారి తమ ఇంటివాళ్ళ ముందు చెయ్యి చాపితే చూడాలని ఉంది. ఆ కోరిక ఎంత చిన్నబుద్ధో ఆమెకు తెలుసు. తెలిసే నొక్కింది.

నిమిషం తిరగలేదు, ఆమె ఫోను మోగింది. అన్నయ్య.

"ఏమే, మహారాణిగారి కోడ్ నాకొచ్చిందేంటి?" అతను హుషారుగా ఉన్నాడు. అతని గొంతు ఫోను బయటికి కూడా వినిపించే రకం. అద్దంలో కింద ఉన్న సందులోంచి అటువైపు కూడా వినబడుతూనే ఉంటుంది.

"ఇక్కడే ఉంది. కోడ్ చెప్తావా?"

"చెప్పనూ? బ్రహ్మాండంగా చెప్తా. కాకపోతే నన్నడగమను. ఇదివరకటిలా 'ఏమండీ' అని పిలవమను. ఏమండీ, కొంచెం కోడ్ చెప్తారా అనమను."

తాళం మేడమ్ అద్దంలోంచి చూసింది. మహాతల్లి మొహంలో నెత్తురు చుక్క లేదు. చూడాలనుకున్నది ఇదే. తీరా చూస్తే నోరు చేదయింది.

"చాల్లే అన్నయ్యా. వెనకాల జనం ఉన్నారు. కోడ్ చెప్పు."

"అనదా? అయితే ఇంకో పని చేస్తా విను. దాని పాస్‌వర్డు నాకు తెలుసే. పాప పుట్టినరోజు. మార్చి ఉండదు. కోడేమో నా చేతిలో ఉంది. ఆ యాప్ నా ఫోనులో పెట్టేసుకున్నాననుకో, ఇంక అది అకౌంటు తెరవాలన్నప్పుడల్లా 'ఇది మీరేనా' అని ఆ యాప్ నన్నడుగుతుంది. నేనే అని నేను నొక్కాలి. ఎలా ఉంది? ఏదీ, ఉండు, పెడుతున్నా. ఆ థీసిసేదో కూడా ఒకసారి చూద్దాం. దానికోసమేగా ఇల్లొదిలి పోయింది!"

"అన్నయ్యా, వద్దు. తప్పు. నేను ఇక్కడ ఉద్యోగం చేస్తున్నాను."

"ఏం, నీకు కూడా దాని గాలి సోకిందా?"

"సోమవారం వాయిదా ఉంది. ఇది తెలిస్తే పాపను చూడనిస్తారా మనల్ని?"

"చూడకపోతే ఏమైందే? నాకు దీని మొహం మాడితే చాలు."

తాళం మేడమ్ ఫోను కట్ చేసి బల్ల మీద బోర్లా పెట్టేసింది. అరికాలి మంట నెత్తికెక్కింది. అన్నయ్య మీద ఎంత మండిందో తన వేలి మీద అంతకన్నా ఎక్కువ మండింది. ఆ కోడ్ పంపింది తను. అవతల అతను ఈపాటికి టైపు చేస్తూ ఉంటాడు. అతన్ని ఆపడానికి ఒక్కటే దారి ఉంది. ఇక్కడ చేతిమీదుగా అకౌంటు తెరిస్తే పంపిన కోడ్ చచ్చిపోతుంది.

"కార్డు! తొందరగా!" అంది.

మహాతల్లి సందులోంచి కార్డు తోసింది. తాళం మేడమ్ దాన్ని చూసి నెంబరు కొట్టింది. స్క్రీను మీద ప్రశ్న వచ్చింది: 'ఈ వ్యక్తి మీకు బంధువా? అవును, కాదు.'

ఈ ప్రశ్న వెనక ఒక గొడవ ఉంది. ఇదివరలో ఒక గుమాస్తా తన బావమరిది అకౌంటు తెరిచిపెట్టి, అందులోంచి మార్కులు మార్పించాడు. అతని ఉద్యోగం ఊడింది. అప్పట్నుంచీ బంధువుల అకౌంట్లు బంధువులు తెరవకూడదు. 'అవును' అని నొక్కితే ఆ పని డైరెక్టరుగారికి వెళ్తుంది. ఆయనేమో పొరుగూళ్ళో మీటింగులో ఉన్నారు. ఫోనులో దొరుకుతారుగానీ, అకౌంటు తెరవాలంటే సోమవారం వచ్చి తన కుర్చీలో కూర్చోవాలి.

తాళం మేడమ్ ఆలోచించలేదు. 'కాదు' అని నొక్కింది.

అకౌంటు తెరుచుకుంది. పాత కోడ్ పక్కన 'చెల్లదు' అని పడింది. అప్పటికిగానీ ఆమె ఊపిరి తీసుకోలేదు. బల్ల మీద ఫోను మళ్ళీ మోగింది, మోగి మోగి ఆగిపోయింది.

"పాస్‌వర్డు మార్చండి. పుట్టినరోజులు పెట్టకండి," అంది అటువైపు చూడకుండా. "యాప్ మీ ఫోనులో పెట్టండి. అడిగితే నేనే అని నొక్కండి."

మహాతల్లి అన్నీ చేసింది. ఫోను 'ఇది మీరేనా?' అని అడిగినప్పుడు వేలు పెట్టి కాసేపు అలాగే నిలబడి, అప్పుడు నొక్కింది. తర్వాత గోడవార ఉన్న కంప్యూటరు ముందు కూర్చుని థీసిస్ పంపింది. 'అందింది' అన్న మాట తెరమీద కనపడగానే రెండు చేతుల్లో మొహం దాచుకుంది. తాళం మేడమ్ ఇటు, పాస్‌వర్డు మళ్ళీ మర్చిపోయి వచ్చిన చరిత్ర ప్రొఫెసరుగారి కార్డు చూస్తున్నట్టు నటిస్తూ అటే చూస్తోంది. వెళ్ళేటప్పుడు ఒక్క మాట అంటుందేమో. థాంక్స్ అక్కర్లేదు, ఊరికే ఒక చూపు చూసినా చాలు. ఛీ, ఇంకా ఆశ చావలేదు అని తనను తనే తిట్టుకుంది.

మహాతల్లి వచ్చింది. ప్రొఫెసరుగారిని "ఒక్క నిమిషమండీ" అని పక్కకు జరిపి, ఫోను అద్దానికి దగ్గరగా పెట్టింది. అకౌంటు చేతిమీదుగా తెరిస్తే దాని సొంతదారుకు దానంతటదే ఒక మెయిలు వెళ్తుంది. తాళం మేడమ్ అలాంటివి రోజుకు ఎన్నో పంపిస్తుంది, ఒక్కటీ చదవదు.

"చదవండి," అంది మహాతల్లి. ఈమె చదవకపోయేసరికి తనే చదివింది. "'మీ అకౌంటును మా సిబ్బంది స్వయంగా పరిశీలించి తెరిచారు. పరిశీలించిన ఉద్యోగికి మీతో ఎటువంటి బంధుత్వమూ లేదని ధ్రువీకరించారు.' కింద మీ పేరుంది, హోదా ఉంది, ఇవాళ్టి తేదీ ఉంది."

తాళం మేడమ్‌కు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యేసరికి కుర్చీలోంచి లేచి నిలబడింది.

"సోమవారం మా లాయరుకి ఇంకేం అక్కర్లేదు," అంది మహాతల్లి. "అప్పుడు నోటితో అన్నారు. ఇప్పుడు రాసిచ్చారు."

"నీ థీసిస్ కోసం నొక్కానే అది!"

"నా కోసం కాదు. మీ అన్నయ్య చేతికి మీరే తాళంచెవి ఇచ్చి, మళ్ళీ లాక్కోవడానికి నొక్కారు."

"నువ్వు దీనికోసమే వచ్చావు కదూ?"

"రాలేదు. నా చదువు కోసం వచ్చాను. కానీ దొరికింది కాబట్టి వదలను. నువ్వైతే వదులుతావా?"

వదలదు. అది తాళం మేడమ్‌కు ఖాయంగా తెలుసు. ఎన్నో ఏళ్ళ తర్వాత ఆవిడ 'నువ్వు' అంది, అది కూడా గొంతు పిసకడానికే.

"పాప ఏం చేసిందే నిన్ను?" అంది చివరికి. "దానికి అత్తను లేకుండా చేస్తే నీకేం వస్తుంది?"

మహాతల్లి అద్దం సందు దగ్గరకు వంగింది. వరసలో వాళ్ళకు వినపడకుండా, ఒక్కో మాటా ఒత్తి పలికింది.

"దానికి నువ్వంటే ఎంత ఇష్టమో నాకు తెలీదనుకోకు. కానీ ఇప్పుడు చూశాం కదా ఇద్దరం. నీ చేతిలో ఏది పెట్టినా అది మీ అన్నయ్య చేతికి వెళ్తుంది. వద్దు వద్దంటున్నా పంపావు. ఇవాళ కోడ్. రేపు పాప."

ఆమె కార్డు తీసుకుని బ్యాగులో పెట్టుకుంది. తాళం మేడమ్‌కు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. మొదట ఆవిడ మీద, తర్వాత అన్నయ్య మీద, అన్నిటికన్నా ఎక్కువగా ఆ మాట నిజం అయినందుకు. ఇక్కడ కూర్చుని ఊరందరి తాళాలూ కాపలా కాస్తుంది. తన ఇంటి పిల్ల దగ్గరికి వచ్చేసరికి తనే సందు అయి కూర్చుంది. ఆ మెయిలు వెనక్కి రాదు. స్క్రీను మీద 'కాదు' అన్నది మార్చడానికి ఎక్కడా మీట లేదు. ఒక్క దారి ఉంది, అది ఎటు తీసుకెళ్తుందో ఆ గుమాస్తాను అడిగితే చెప్తాడు.

ఆమె బల్ల మీది ఆఫీసు ఫోను తీసింది.

"సార్, నేను. ఒక తప్పు జరిగింది. బంధువు అకౌంటు నేను తెరిచాను. కాదు అని నొక్కాను. అబద్ధం నొక్కాను."

తలుపు వైపు నడుస్తున్న మహాతల్లి ఆగి వెనక్కి తిరిగింది.

"ఎవరి అకౌంటమ్మా?" డైరెక్టరుగారి గొంతు విసుగ్గా ఉంది.

"మా వదినది."

"మీ అన్నయ్యకు విడాకులయ్యాయి కదమ్మా? ఇంక వదినేంటి? రూలు ప్రకారం నువ్వు చేసింది సరైనదే. అనవసరంగా పెద్దది చెయ్యకు. ఫోను పెట్టెయ్."

ఇంతకన్నా మెత్తగా ఎవరూ చెప్పరు. ఫోను పెట్టేస్తే చాలు. కుర్చీ ఉంటుంది, జీతం ఉంటుంది, తుప్పు తాళం అనే పేరుతో సహా అన్నీ ఉంటాయి.

"లేదు సార్. పాత నెంబరు మా అన్నయ్యది. ఆమె వద్దంటున్నా కోడ్ అతనికి పంపింది నేను. అతను దాంతో ఆమె అకౌంటులో దూరబోయాడు. ఫోనులో నాతోనే చెప్పాడు. అదంతా రాసుకోండి. అతని పేరు కూడా రాసుకోండి."

మహాతల్లి రెండడుగులు ఇటు వేసింది. "ఏయ్, పిచ్చి పట్టిందా నీకు?" అంది.

"నువ్వు నోర్ముయ్. నీకోసం కాదు," అంది తాళం మేడమ్ ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టి. వరసలో జనం ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. చరిత్ర ప్రొఫెసరుగారైతే చెవులు రిక్కించి అద్దానికి ఆనుకుపోయారు.

"ఇది రాస్తే నీ ఉద్యోగం నా చేతుల్లో ఉండదమ్మా," అన్నారు డైరెక్టరుగారు. "ఆలోచించుకో. విచారణలో మొట్టమొదట అడిగేది అదే. ఆమె నీకు ఏమవుతుందని రాయమంటావు?"

"వదిన అని రాయండి సార్. వాళ్ళ పాపకు నేను మేనత్తను, అది కూడా రాయండి." ఆమె అద్దంలోంచి మహాతల్లినే చూస్తూ చెప్పింది. "మాజీ అని మాత్రం రాయకండి."